పలకరింపులు అయ్యాకే కబురు

మాస్టారు పోయారని ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. ఆ మాట చెప్పేముందు, "ఇల్లు ఎలా ఉందమ్మలూ?" అని అడిగారు. బాగుందన్నాను. "పని ఎలా ఉంది?" అన్నారు. బాగానే ఉందన్నాను. "అలసట ఎలా ఉంది?" అని అడిగేసరికి, కెనడాలోని ఎటోబికోలో మా ఆఫీసు మెట్ల మీద నిలబడి ఉన్నదాన్ని అక్కడే కూర్చుండిపోయాను. అలసట ఎలా ఉందని తెలుగువాళ్ళెవరూ అడగరు. ఆ ఇంట్లో ఆ ప్రశ్న దేనికి ముందు వస్తుందో నాకు తెలుసు. "అలసట లేదు ఆంటీ," అన్నాను, మాస్టారు నేర్పించినట్టే. అప్పుడు చెప్పారు. పొద్దున కాఫీ తాగి, కిటికీ పక్క కుర్చీలో కళ్ళు మూసుకున్న మనిషి మళ్ళీ తెరవలేదట.

ఆయన్ని మాస్టారు అని పిలవడం ఆయన పెట్టిన అలవాటే. మాది హనుమకొండ, మా వైపు చదువు చెప్పేవాళ్ళను సార్ అంటాం. ఇక్కడి కేంబ్రిడ్జ్‌లో వాళ్ళ బేస్‌మెంట్ అద్దెకు అడగడానికి వెళ్ళిన రోజు సార్ అన్నాను, తర్వాత అంకుల్ అన్నాను. "సార్ అంటే వేర్‌హౌస్‌లో నీ సూపర్‌వైజర్‌ని అనుకుంటాను. అంకుల్ అంటే ఎవరింటి అంకులో తెలీదు. మాస్టారు అను, తిరిగి చూస్తాను," అన్నారు.

తెలంగాణ నుంచీ ఆంధ్ర నుంచీ పిల్లలం విమానాలకు విమానాలు దిగుతున్న ఏళ్ళవి. ఒక్కో ఇంటి కింద ఎంతమంది ఉండేవాళ్ళమో ఆ ఇంటి ఓనర్లకే తెలిసేది కాదు. నేనప్పటికే మూడిళ్ళు చూసి, విసిగి, వాళ్ళ తలుపు కొట్టాను. తలుపు తీయగానే, "సార్, రూమ్ ఖాళీ ఉందా, వైఫై ఉందా, బస్ స్టాప్ ఎంత దూరం?" అని గుక్క తిప్పుకోకుండా అడిగేశాను. ఆయన తలుపు పూర్తిగా తీసి, కుర్చీ చూపించారు. "ఎలా ఉన్నావమ్మాయ్? ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు? ప్రయాణం అలసట తీరిందా? ఈ చలి నీకు పడుతోందా?" అని వరసగా అడిగారు. నేనొచ్చి అప్పటికి నెల దాటింది, అలసట తీరిందా అని అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆ కుర్చీలో కూర్చుని అన్నిటికీ జవాబు చెప్పాను. వైఫై సంగతి ఆ రోజు మళ్ళీ అడగనే లేదు.

ఆ అలవాటు ఆయనకు నైజీరియాలో పట్టుకుంది. తెలుగు జిల్లాల నుంచి లెక్కల మాస్టార్లూ సైన్సు మాస్టార్లూ అక్కడి బడుల్లో చదువు చెప్పడానికి వెళ్ళిన కాలం ఒకటుందట. ఇది మా వయసు వాళ్ళకు తెలీదు. తెనాలి పక్క పల్లెటూరి నుంచి కొత్తగా పెళ్ళయిన మాస్టారూ ఆంటీ వెళ్ళి, ఆ దేశానికి ఈశాన్యంలో ఎడారికి దగ్గరగా ఉన్న బోర్నో అనే చోట పదేళ్ళకు పైగా ఉన్నారు. ఆ తర్వాతే కెనడా వచ్చారు. అక్కడి వాళ్ళు మాట్లాడే హౌసా భాషలో, ఎంత పెద్ద కబురు ఉన్నా ముందు పలకరింపులు పూర్తి కావాలి. ఇల్లు ఎలా ఉంది, పిల్లలు ఎలా ఉన్నారు, పని ఎలా ఉంది, అలసట ఎలా ఉంది, ఎండ ఎలా ఉంది. అన్నిటికీ ఒకటే జవాబు, లాఫియా, అంటే క్షేమం. ఇల్లు తగలబడుతున్నా ముందు లాఫియా అనాల్సిందే. ఆ తర్వాతే అసలు మాట.

మాస్టారు ఆ పద్ధతిని కెనడాకు కూడా మోసుకొచ్చారు. ఒకసారి మంచు కరిగి బేస్‌మెంట్‌లోకి నీళ్ళు రావడం మొదలైంది. నేను మెట్లెక్కి పరుగెత్తుకొచ్చి, "మాస్టారూ, కింద నీళ్ళొస్తున్నయ్," అన్నాను. "ఎలా ఉన్నావమ్మాయ్?" అన్నారు. "మంచిగనే ఉన్న, నీళ్ళొస్తున్నయ్." "నిద్ర బాగా పట్టిందా?" "పట్టింది మాస్టారూ, నా సూట్‌కేసు తేలుతుంది." మూడో ప్రశ్న అడిగేటప్పటికి ఆయన చెప్పులేసుకుని, చీపురూ బకెట్టూ పట్టుకుని మెట్లు దిగుతున్నారు. పలకరింపు నోటితో జరిగేది. కాళ్ళూ చేతులూ దాని కోసం ఆగేవి కావు. కింద నీళ్ళు తోడుతూ కూడా మా నాన్న షుగర్ ఎలా ఉందని అడిగారు.

"కబురుకి తొందరేముందమ్మాయ్, అదెక్కడికీ పారిపోదు," అనేవారు. ఇంకో మాట కూడా ఉండేది ఆయనకు. "చెప్పేవాడికి ఊపిరి అందాలి, వినేవాడికి కుర్చీ అందాలి. ఆ రెండూ అయ్యేదాకా కబురు గుమ్మంలోనే నిలబడాలి." మేం నవ్వుకునేవాళ్ళం. నాతో ఉండే అమ్మాయి అచ్చం ఆయన గొంతుతో ఫ్రిజ్‌ని కూడా పలకరించేది.

ఆదివారం పొద్దున, అక్కడ మధ్యాహ్నం వేళ, నైజీరియా నుంచి ఫోన్ వచ్చేది. చేసేది మాస్టారి పాత విద్యార్థి. బడిలో క్లాస్ లీడర్‌గా ఉండేవాడట. యాభైకి దగ్గరపడ్డా ఆయనకు వాడు "మా లీడరే". మాస్టారిని వాడు మాలం అనేవాడు, అంటే పంతులుగారు అని. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, మాస్టారు ఆ పలకరింపులన్నీ ఒక్కొక్కటీ నములుతున్నట్టు అనేవారు. ఇనా గిడా? ఇల్లు ఎలా ఉంది? లాఫియా. ఇనా గజియా? అలసట ఎలా ఉంది? బా గజియా, అలసట లేదు. వినీ వినీ నాకూ వచ్చేశాయి.

లీడరు సైన్యంలో పనిచేసేవాడు. చదువే పాపం అని ప్రకటించి బడులు తగలబెట్టే సాయుధులతో ఆ ప్రాంతంలో ఏళ్ళ తరబడి యుద్ధం నడుస్తోంది. వాళ్ళు ఎక్కువగా పొద్దుగూకే వేళ వస్తారట, మోటార్ సైకిళ్ళ మీదా, తుపాకులు బిగించిన పికప్ బండ్ల మీదా. సైనికుల క్యాంపు చుట్టూ తవ్విన కందకం దాటి లోపలికి చొరబడతారు. రోడ్ల మీద పోలీసు చెక్‌పోస్టుల మీద పడతారు. పోతూపోతూ ఫోన్ టవర్ కాల్చి పోతారు, ఎవరూ సాయం పిలవకుండా. మాస్టారు చదువు చెప్పిన బడిని కూడా కాల్చేశారు. ఆ సంగతి లీడరే చెప్పాడు, పలకరింపులన్నీ అయ్యాక. "ఎంతమంది పోయారో గవర్నమెంటు ఒకటి చెబుతుంది మాలం, రేడియో ఒకటి చెబుతుంది, మా ఊరి ఖబరస్తాన్ ఇంకొకటి చెబుతుంది," అన్నాడట ఒకసారి. మాస్టారు అది మాకు తెలుగులో చెప్పారు, చేతిలో కాఫీ చల్లారిపోయింది.

నాకు మొదట్లో అర్థం కాలేదు. నా అసైన్‌మెంట్లు, షిఫ్టులు, ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ పాయింట్లు నాకుండగా ఆఫ్రికాలో ఎవరో ఎవరినో కాల్చుకుంటే ఈయన కాఫీ చల్లారబెట్టుకోవడం ఏమిటనిపించేది. అడిగేశాను కూడా. "గా దేశం గొడవలు మనకెందుకు మాస్టారూ?" ఆయనకు కోపం రాలేదు. "నాకు దేశం తెలీదమ్మాయ్, ఒక క్లాసు తెలుసు. ఎవడు ఏ బెంచీలో కూర్చునేవాడో తెలుసు. క్యాంపులో ఉన్నది నా పిల్లాడు. ఆ మోటార్ సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళలోనూ నా పిల్లల పిల్లలు ఉండే ఉంటారు. అందుకే అక్కడి రేడియో పెడతాను," అన్నారు.

ఆయన్ని లోపల తొలిచేది ఇంకొకటుంది, అది ఆంటీ చెప్పారు. సైనిక పాఠశాల ప్రవేశ పరీక్షకు ఆ పిల్లాణ్ణి తయారుచేసింది మాస్టారే. బడి వదిలాక, వేపచెట్టు కింద కూర్చోబెట్టి నెలల తరబడి లెక్కలు చేయించారు. అక్కడ వేపచెట్లు మనకంటే ఎక్కువట, జ్వరమొస్తే ఆకు కాచి తాగుతారట. బీద పిల్లాడు, సైన్యంలో చేరితే కడుపు నిండుతుంది, చదువూ వస్తుంది అనుకున్నారు. అప్పట్లో అక్కడ యుద్ధం లేదు. "వచ్చే వానాకాలానికి రిటైర్ అయిపోతాడు, ఆ చెట్టు కిందే ట్యూషన్ పెట్టుకుంటాడట," అని మాస్టారు ప్రతి ఆదివారం మాకు గుర్తుచేసేవారు. ఆ వానాకాలం కోసం లీడరు కంటే ఆయనే ఎక్కువ ఎదురుచూశారు.

ఆ చలికాలంలో ఒక ఆదివారం ఫోన్ రాలేదు. అంతకుముందే ఒక క్యాంపు మీద దాడి జరిగిందని ఫోన్‌లో హౌసా రేడియో చెప్పింది. ఊరి పేరు వినగానే మాస్టారు లేచి నిలబడ్డారు. ఇక్కడి టీవీల్లో ఒక్క ముక్క లేదు. ఆయన చేస్తే అటు ఫోన్ కలవలేదు, టవర్ కాల్చేసి ఉంటారన్నారు. అదే మంచిదన్నట్టు చెప్పారు, ఫోన్ కలవకపోవడానికి వేరే కారణం దొరికినందుకు. ఆ వారమంతా మంచు పార పట్టుకుని మా ఇంటి ముందూ పక్కింటి ముందూ ఎదురింటి ముందూ గీకుతూనే ఉన్నారు. మంచు పడని రోజు కూడా గీకారు. "లోపలికి రండి, జలుబు చేస్తుంది," అని ఆంటీ అంటే, "చెయ్యనీ," అన్నారు. నేను పని నుంచి వచ్చి, ఏం కబురని అడగబోయి, ఆయన ముఖం చూసి, "అలసట ఎలా ఉంది మాస్టారూ?" అన్నాను. "లేదమ్మాయ్," అన్నారు.

తర్వాతి ఆదివారం ఫోన్ మోగింది. నేను పైనే ఉన్నాను, వంటింట్లో ఆంటీకి గోంగూర వలిచి ఇస్తున్నాను. చేసింది లీడరు తమ్ముడు. స్పీకర్‌లోంచి మాటలన్నీ వినిపిస్తున్నాయి. ఇల్లు ఎలా ఉంది? లాఫియా. పిల్లలు ఎలా ఉన్నారు? లాఫియా. అమ్మ ఎలా ఉంది? లాఫియా. ఆ గొంతు ఎంత నిమ్మదిగా ఉందంటే నా ప్రాణం లేచొచ్చింది. "ఆంటీ, అందరూ క్షేమమంటున్నరు. లీడరు మంచిగున్నడు," అన్నాను. గోంగూర ఆకులు చేతిలో ఉండగానే ఆవిడ భుజం పట్టుకుని ఊపేశాను.

ఆంటీ నవ్వలేదు. పొయ్యి కట్టేశారు. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, "ఇంకా పలకరింపులేనమ్మలూ, కబురు ఇంకా రాలేదు," అన్నారు. వెళ్ళి మాస్టారి కుర్చీ వెనక నిలబడ్డారు. అటు తమ్ముడు అలసట ఎలా ఉందని అడిగాడు, లేదన్నారు మాస్టారు. చలి ఎలా ఉందని అడిగాడు, క్షేమమన్నారు. కూర్చున్నారా మాలం అని అడిగాడు. కూర్చున్నానన్నారు. అప్పుడు చెప్పాడు. కందకం దగ్గర నిలబడి కుర్రవాళ్ళను వెనక్కి పంపిస్తూ లీడరు అక్కడే పడిపోయాడని. ఆ మాటలు నాకు తెలీవు, తర్వాత ఆంటీ చెప్పారు. అప్పటికి మాస్టారి చెయ్యి వెనక్కి వచ్చి ఆంటీ చెయ్యి వెతుక్కోవడం చూసి తెలుసుకున్నాను.

ఆయన ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. తమ్ముడి పిల్లల గురించి పేరుపేరునా అడిగారు, తల్లికి ధైర్యం చెప్పమన్నారు, ఫోన్ చేసినందుకు మేలు జరగాలన్నారు. ఫోన్ పెట్టేశాక మాత్రం, "లెక్కలు నేనే చెప్పాను," అని ఒక్క మాట తెలుగులో అన్నారు. ఆంటీకో నాకో కాదు, ఎదురుగా ఉన్న గోడకు చెప్పినట్టు.

నాకు ఆ తమ్ముడి మీద పట్టలేనంత కోపం వచ్చింది. ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చున్న ముసలాయనతో చలి ఎలా ఉంది, ఎండ ఎలా ఉంది అని ఆ నాటకమేమిటి? కొన్నాళ్ళయ్యాక మాస్టారితోనే అన్నాను. ఆయన నన్ను క్లాసులో తప్పు లెక్క చేసిన పిల్లను చూసినట్టు చూశారు. "వాడి సొంత అన్నమ్మాయ్. అన్న చావు కబురు నెత్తిన పెట్టుకుని, నేను కుర్చీలో సర్దుకునేదాకా దించకుండా మోశాడు. నేనైతే ఫోన్ తీయగానే ఏడ్చేసేవాణ్ణి. అంతకంటే మర్యాద నాకెవరు చేస్తారు?" అన్నారు.

తర్వాత ఆదివారాలు ఇంట్లో మాట వినబడేది కాదు. రేడియో పెట్టడం మానేశారు. ఆ నిశ్శబ్దంలోకి ఒక ఆదివారం, అదే వేళకు, లీడరు పెద్ద కూతురు ఫోన్ చేసింది. నాన్న చేసే ఫోన్ ఇకనుంచి నేను చేస్తానంది. టీచర్ ట్రైనింగ్ చదువుతోందట, లెక్కలు కొరుకుడుపడటం లేదు, మాలం చెబుతారా అంది. మాస్టారు చెప్పనన్నారు. ఆ పిల్లతో కాదు, ఫోన్ పెట్టాక ఆంటీతో. "నేను చెప్పిన లెక్కలు చాలు ఆ ఇంటికి," అన్నారు.

ఆంటీ గొంతు పెంచి మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. "మీ లెక్కలు వాణ్ణి చంపలేదండీ. లెక్కలు వద్దన్నవాళ్ళు చంపారు. ఆ పిల్ల పుస్తకం ముందేసుకుని కూర్చుంటే మీరు కూర్చోనంటారేం?" అన్నారు. తర్వాతి ఆదివారానికి డైనింగ్ టేబుల్ దగ్గర ఒక తెల్ల బోర్డు వెలిసింది. ఆవకాయ జాడీకి ఆనించిన ఫోన్‌లో తెల్ల ముసుగు కప్పుకున్న ఒక సన్నటి ముఖం. పలకరింపులన్నీ అయ్యాక పాఠం. లెక్క మధ్యలో అటు నెట్‌వర్క్ పోతే, మాస్టారు మార్కర్ గాల్లో అలాగే పట్టుకుని, ఆ పిల్ల మళ్ళీ కనిపించేదాకా నిలబడేవారు. కూర్చోమంటే వినేవారు కాదు.

ఆ పిల్ల పరీక్ష పాసైంది. కాలిపోయిన బడిని మళ్ళీ కడుతున్నారని, అక్కడే ఉద్యోగం అడుగుతానని చెప్పింది. మాస్టారు సంతోషించారో భయపడ్డారో నాకు తెలియదు. రేడియో పెట్టడం మళ్ళీ మొదలుపెట్టారు.

నా పాయింట్లు చాలక పీఆర్ చేతికందకుండా పోయిన రోజు కూడా ఆయన నన్ను వదల్లేదు. నేను ఏడుస్తూ పైకెళితే, ఇల్లు, పని, నిద్ర, మా నాన్న షుగర్ అన్నీ వరసగా అడిగారు. అన్నిటికీ బాగుందనే చెప్పాల్సి వచ్చింది. చెప్పుకుంటూ పోతే నిజంగానే చాలావరకు బాగున్నాయని తెలిసింది. తర్వాత పాయింట్లు పెరిగాయి, పేపర్లు వచ్చాయి, ఉద్యోగం ఎటోబికోలో దొరికింది. బేస్‌మెంట్ ఖాళీ చేసిన రోజు ఆయన కారు దాకా వచ్చి, "ఫోన్ చేస్తే ముందు పలకరించు. సరాసరి విషయంలోకి దిగకు," అన్నారు. చాలాసార్లు సరాసరే దిగాను. ఆయన ప్రతిసారీ వెనక్కి తీసుకెళ్ళి మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టించేవారు.

దహనానికి ఆ బేస్‌మెంట్‌లో ఉండి వెళ్ళిన ఆడపిల్లలం దాదాపు అందరం వచ్చాం. మాస్టారి కూతురు లండన్‌లో డాక్టరు, ఇక్కడే పుట్టి పెరిగింది. వచ్చినప్పటి నుంచీ అన్నీ తనే చూసుకుంటోంది, ఏడుపు తర్వాతికి దాచుకున్నట్టుంది. నైజీరియా అమ్మాయికి ఎవరు చెబుతారన్న మాట వచ్చినప్పుడు, "అమ్మా, ఐ కెన్ జస్ట్ టెక్స్ట్ హర్," అంది. "అది మెసేజ్ పెట్టే కబురు కాదమ్మా. ఆదివారం ఆ పిల్లే చేస్తుంది," అన్నారు ఆంటీ.

నేను ఆదివారం దాకా ఉండిపోయాను. ఎప్పటి వేళకే ఫోన్ మోగింది. ఆంటీ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. కిటికీ పక్క కుర్చీలో కూర్చోలేదు, దాని వెనక నిలబడే ఫోన్ తీశారు. అటు ఆ పిల్ల గొంతు. ఇన్నేళ్ళ తర్వాత ఆంటీ హౌసా కొంచెం తడబడింది, తర్వాత దారిలో పడింది. ఇల్లు, అమ్మ, తమ్ముళ్ళు, బడి, ఎండ, ఎడారి దుమ్ము. ఒక్కొక్కటీ అడిగారు, ఒక్కొక్కదానికీ లాఫియా వినిపించింది. తర్వాత ఆ పిల్ల అడగడం మొదలుపెట్టింది. ఇల్లు ఎలా ఉంది, మీ అమ్మాయి ఎలా ఉంది, చలి ఎలా ఉంది. ఆ తర్వాత, మాలం ఎలా ఉన్నారు?

"లాఫియా," అన్నారు ఆంటీ. పలకరింపుల్లో వేరే జవాబు లేదు.

అన్ని ఆదివారాల్లో ఆ ఫోన్ మాస్టారే తీసేవారు, ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు. అటు నేల మీద స్టూలు జరిపిన చప్పుడు వినిపించింది. ఆ పిల్ల కూర్చుంది. ఆంటీ చెప్పడానికి ఊపిరి తీసుకున్నారు.

"ఇనా గిడా?" అంది ఆ పిల్ల, కబురును ఇంకాసేపు గుమ్మంలోనే నిలబెడుతూ, మళ్ళీ మొదటి నుంచి. ఇల్లు ఎలా ఉంది?

లాఫియా అన్నారు ఆంటీ, ఖాళీ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి.